చీతాపులి: తెలుగునేలపై దాని చివరి జాడ

హైదరాబాదు నగరమున రాంనగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతములనుండి సెలవుదినములలో అడవి చూడబోవు కుటుంబములు పెక్కు శ్రీశైలము దారి పట్టుచుండును. మన్ననూరు దాటిన పిదప ఫరహాబాదు వద్ద అటవీశాఖవారి సఫారీ బండి ఎక్కి వారు నల్లమల లోపలికి పోవుదురు. జింకలు, నెమళ్లు కనబడుట సామాన్యము. ఎప్పుడో ఒకనాడు, ఎవరో అదృష్టవంతులకు, ఒడలెల్ల మచ్చలున్న పెద్దపిల్లి ఒకటి బాటకు అడ్డముగా నడచి, క్షణకాలము తల త్రిప్పి చూచి, పొదలలో కలిసిపోవును. అప్పుడు బండిలో లేచు కేక తరచుగా ఒక్కటే: "అదిగో చీతా!"

ఆ ఉత్సాహము నిజమే గాని ఆ పేరు మాత్రము సరియైనది కాదు. వారు చూచినది చిరుతపులి. చీతా వేరొక జంతువు. అది నేడు నల్లమలలో లేదు. తెలుగునాటి ఏ అడవిలోను, ఏ బయలులోను లేదు. కాని ఒకప్పుడు ఉండెను. మన పూర్వులు దానిని ఎరుగుదురు, దానికొక పేరు పెట్టిరి, దానితో వేటలాడిరి. అది ఎట్లు పోయినదో, పోయినదని లోకమునకు ఎట్లు తెలిసినదో విచారించినచో, అరుదైన మృగమును చూచుటకును, చూచిన దానిని గుర్తించి వ్రాసిపెట్టుటకును ఎంత భేదమున్నదో తెలియగలదు.

రెండు జంతువులు, ఒక పేరు

చీతా అను మాట సంస్కృతములోని "చిత్రక" శబ్దమునుండి వచ్చినది. మచ్చలు గలది అని దాని భావము. చిరుతపులికిని మచ్చలుండుటచేత ఉత్తరాదిని, హైదరాబాదు ఉర్దూ వాడుకలోను ఆ పేరు రెంటికిని కలిసిపోయినది. తెలుగున చిరుతపులి యనగా చిన్నపులి. ఆ పేరును గూడ కొందరు రెంటికి వాడుచున్నారు. 2022లో ఆఫ్రికా చీతాలు మన దేశమునకు వచ్చినప్పుడు గూడ కొందరు వానిని "చిరుతలు" అనియే పిలిచిరి.

పందొమ్మిదవ శతాబ్దమున మద్రాసు సైన్యములో వైద్యుడుగా ఉండి, కొంతకాలము నెల్లూరులో పనిచేసిన టి. సి. జెర్డన్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1867లో భారతదేశపు క్షీరదములనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అందు చీతాకు దేశభాషలలో గల పేర్లను చేర్చుచు, తెలుగువారు దీనిని "చీతాపులి" అందురనియు, కన్నడిగులు "శివంగి" అందురనియు వ్రాసెను. శివంగి అను మాటను తెలుగున నేడు ఆడుసింహమునకు వాడుచున్నారు. మృగము పోయిన పిదప దాని పేరు దిక్కులేనిదై మరియొక మృగమును ఆశ్రయించుటకు ఇది మంచి ఉదాహరణము.

ఈ రెండు జంతువులను వేరుపరచుట కష్టము కాదు. చిరుతపులి మచ్చలు పూలరేకులు గుండ్రముగా పేర్చినట్లు నడుమ ఖాళీగా ఉండును. చీతా మచ్చలు సిరాచుక్కలవలె నిండుగా ఉండును. చీతాకు కంటికొననుండి నోటి వరకు నల్లని కన్నీటిచార యొకటి దిగును. చిరుతకు అది లేదు. చిరుత బలిసిన దేహము, పొట్టికాళ్లు గలది. వేటాడిన జంతువును చెట్టుకొమ్మపైకి ఈడ్చుకొని పోగలది. చీతా పొడవైన కాళ్లు, సన్నని నడుము, చిన్నతల గలది. దాని గోళ్లు తక్కిన పిల్లిజాతులవానివలె పూర్తిగా లోపలికి ముడుచుకొనవు. పరుగుపందెగాని బూటు అడుగున ఉండు మేకులవలె అవి నేలను పట్టి నిలుచును. అసినోనిక్స్ జుబాటస్ అను దాని శాస్త్రీయనామములో మొదటిమాటకు "కదలని గోరు" అని అర్థము. రెండవమాటకు "జూలు గలది" అని అర్థము. దాని పిల్లలకు వీపుపై బూడిదరంగు జూలు ఉండుటచే ఆ పేరు వచ్చినది.

చీతా గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో పరుగెత్తగలదు. కాని ఆ వేగము కొన్ని వందల గజములకు మించి నిలువదు. ఆ దూరములో వేట చిక్కకున్నచో విడిచిపెట్టి రొప్పుచు కూర్చుండును. కావున దానికి కావలసినది దట్టమైన అడవి కాదు. దాగుటకు కొద్దిపాటి పొదలు, పరుగెత్తుటకు విశాలమైన పచ్చికబయలు, తినుటకు కృష్ణజింకలు. దక్కను పీఠభూమి నిండ ఒకప్పుడు ఇట్టి బయళ్లే యుండెను.

రాజుల వేటకుక్క

చీతాను మచ్చిక చేసి జింకలపై వదలుట మన దేశమున చాల పూర్వమునుండి కలదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దపు మొదటిభాగమున రచించిన మానసోల్లాసమున చీతాలతో వేటాడు విధము చెప్పబడినది. ఆనాడు తెలంగాణమున అధికభాగము ఆ చక్రవర్తుల ఏలుబడిలోనిది. కాకతీయులు వారికి సామంతులు. తరువాత మొగలు పాదుషాలకాలమున ఈ వేట పరాకాష్ఠ నందెను. తన తండ్రియైన అక్బరు తన జీవితమున 9,000 చీతాలను సేకరించెనని జహంగీరు తన స్మృతులలో వ్రాసెను.

వేట జరుగు పద్ధతి ఇది. చీతా కన్నులకు గంతలు కట్టి, దానిని ఎద్దుబండిపై కూర్చుండబెట్టి, జింకలమంద ఉన్న దిక్కునకు మెల్లగా తోలుదురు. ఎద్దుబండ్లు నిత్యము చూచునవియే కావున జింకలు బెదరవు. తగిన దూరమునకు చేరినంతనే గంతలు విప్పుదురు. క్షణములలో పరుగు ముగియును. జింక చిక్కినచో దాని నెత్తుటిని కొయ్యగరిటెలో పట్టి చీతాకు త్రాగించి, తిరిగి గంతలు కట్టుదురు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. ఇంతగా మచ్చికైన ఈ జంతువు బంధములో పిల్లలను కనదు. జహంగీరు కాలమున ఒక మగచీతా పట్టెడ తెంపుకొని ఆడుచీతాను చేరగా మూడు పిల్లలు పుట్టెనట. పాదుషా దానిని వింతగా తన గ్రంథమున కెక్కించెను. అటుపిమ్మట బంధములో చీతా ఈనినట్లు లోకమునకు తెలిసినది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో. ఆడుచీతా ఒంటరిగా విశాలప్రదేశమున తిరుగునది. మగవానిని తానే కోరుకొనునది. జత కూడుటకు ముందు సుదీర్ఘమైన వెంబడింపు నడచును. గొలుసుతో కట్టిన జంతువునకు ఇవి యేవియు లేవు.

దీని ఫలితమేమి? గుఱ్ఱములు, ఏనుగులు కొంతవరకైన రాజుల శాలలో పెరిగెను గాని, చీతా ప్రతి యొక్కటి అడవినుండియే పట్టి తేబడవలసివచ్చెను. పైగా తల్లివద్ద వేట నేర్చిన జంతువే పనికివచ్చును గాని పిల్ల పనికిరాదు. చీతాలు గోళ్లు గీకుటకు అలవాటుగా చేరు చెట్లు కొన్ని యుండును. వాని చుట్టు తోలు ఉరులు పన్ని వేటగాండ్రు పెద్దచీతాలను పట్టెడివారు. అనగా పిల్లలను కని పెంచవలసిన తరమునే తరతరములుగా తీసివేయుట జరిగెను. దానిని ప్రేమించిన రాజులే దానికి మొదటి యముళ్లయిరి.

విశాఖపట్టణపు దుర్ఘటన

దక్షిణాది చీతావేట సీమలు దాటి ఇంగ్లండు వరకు ప్రాకెను. మద్రాసు గవర్నరుగా పనిచేసిన జార్జి పిగట్ ఒక చీతాను తీసికొనిపోయి మూడవ జార్జి రాజునకు కానుక ఇచ్చెను. 1764లో విండ్సరు ఉద్యానమున దానిని ఒక దుప్పిపై వదలిరి. తెరచిన బయలు లేదు, తెలిసిన జింక లేదు. దుప్పి కొమ్ములతో ఎగజిమ్మగా చీతా పారిపోయెను. జార్జి స్టబ్స్ అను చిత్రకారుడు ఆ చీతాను, దానిని నడుపు ఇద్దరు భారతీయులను కలిపి గీసిన చిత్రము మాంచెస్టరు చిత్రశాలలో కలదు.

ఆంధ్రతీరమున జరిగిన ఘటన ఇంతకంటె విషాదకరము. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ. బి. ఇర్విన్ విజయనగర సంస్థానాధీశుని చీతావలన వేటలో గాయపడి మరణించెను. చీతా మనుష్యుని చంపినట్లు మన దేశమున నమోదైన ఉదంతము ఇది యొక్కటియే. నల్లమల పులియు, ఊరిప్రక్క చిరుతయు నరులను చంపిన సందర్భములెన్నో యున్నవి. అడవిలో స్వేచ్ఛగా తిరుగు చీతా మనుష్యుని జోలికి వచ్చినట్లు మాత్రము వినబడదు.

అయినను ప్రభుత్వము వేరొక త్రాసు పట్టెను. పులి, చిరుత, తోడేలు మొదలైన క్రూరమృగములను చంపినవారికి ఇచ్చు బహుమానములు చీతాను చంపినవారికిని లభించెను. పశువుల కాపరికి మేకలు దక్కుట కావలెను. అతనికి మచ్చల మృగములన్నియు ఒక్కటే. పేరులోని తికమక ఇట్లు ప్రాణాంతకమైనది. మరియొక ప్రక్క పచ్చికబయళ్లు నాగలి క్రిందికి వచ్చెను. తుపాకులు వ్యాపించి కృష్ణజింకలు తగ్గెను. ఆహారమును, పరుగెత్తు నేలయు కరువైనచో చీతా ఎట్లు బ్రదుకును?

ఇరువదవ శతాబ్దపు ఆరంభమునకు దేశవాళీ చీతా దొరకుటయే గగనమయ్యెను. కొల్హాపురము, భావనగరము సంస్థానములవారు తమ వేట సరదాకై 1918 మొదలు ఆఫ్రికానుండి చీతాలను తెప్పించుకొనసాగిరి. సొంత నేలలో పుట్టు జంతువును ఓడపై దిగుమతి చేసికొనవలసి వచ్చెను. అది గొప్ప హెచ్చరికయే. కాని వినినవారు లేరు.

ఒక తుపాకి, ఒక కలము

1947లో, నేటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని కొరియా సంస్థానమున, మహారాజా రామానుజ ప్రతాప్ సింహ్ దేవ్ రాత్రివేళ మోటారులో పోవుచుండగా మూడు మగచీతాలు ప్రక్కప్రక్కన కూర్చుండి కనబడెను. ఆయన తుపాకి పేల్చెను. మొదటి గుండు ఒకదానిని చంపెను. రెండవ గుండు మరియొకదాని దేహమునుండి దూసుకొనిపోయి వెనుకనున్న మూడవదానిని గూడ కూల్చెను. రెండు గుండ్లు, మూడు చీతాలు. ఈ వార్తను ఛాయాచిత్రముతో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పత్రికకు పంపిరి. పత్రికా సంపాదకులకు అది చదువగనే కలిగిన ఏహ్యభావముచే దానిని చెత్తబుట్టలో వేయబోయిరట. కాని ఒక జాతి అంతరించుటకు సాక్ష్యముగా ఉండవలెనని తలచి 1948లో ప్రకటించిరి. మన దేశమున చంపబడినట్లు రూఢిగా తెలిసిన చివరి చీతాలు అవియే.

అదే పత్రికలో 1952లో మరియొక చిన్నవ్యాసము వెలువడెను. దాని రచయిత కె. ఎమ్. కిర్క్‌పాట్రిక్. విషయము, చిత్తూరు జిల్లాలో చీతా కనబడుట. ఆ జిల్లా అప్పటికి మద్రాసు రాష్ట్రములో ఉండెను. మరుసటి సంవత్సరము అక్టోబరు 1న అది నూతన ఆంధ్రరాష్ట్రమున చేరెను. పత్రికలో రెండుపుటలకు మించని ఆ వ్రాత తెలుగునేలపై చీతాను గూర్చిన చివరి సాక్ష్యములలో ముఖ్యమైనది. భారత ప్రభుత్వము చీతా అంతరించినట్లు ప్రకటించినదియు ఆ 1952లోనే.

ఈ రెండు వార్తలను ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఒకరు చూచిరి, కాల్చిరి. ఒకరు చూచిరి, వ్రాసిరి. మొదటిదానివలన చర్మములు మిగిలెను. రెండవదానివలన ఒక సమాచారము మిగిలెను: మధ్యభారతమునుండియే గాక, దూరదక్షిణమున, ఏడుకొండలకు చేరువనున్న జిల్లాలో గూడ ఆ జంతువు అప్పటికి శేషించియుండెనేమో అను ఆలోచనకు ఆధారము దొరకెను. ఇంకెందరు పశులకాపరులు, బండివారు ఆ రోజులలో చీతాపులిని చూచిరో! వారు చూచినది వారితోనే పోయెను.

ఒక వ్రాత విలువ ఎంతయో కలివికోడి కథ చెప్పుచున్నది. జెర్డన్ పేరిటనే ప్రసిద్ధమైన ఈ పక్షి 1900 తరువాత కనబడనందున అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. 1986లో కడప జిల్లాలో అది తిరిగి దొరకెను. దానిని వెదకువారు పాత వ్రాతలను ఆధారము చేసికొని, చిత్రములు చూపి, స్థానికులైన పిట్టల వేటగాండ్రను అడిగిరి. పుస్తకములోని వ్రాతయు, పల్లెవాని కన్నును కలిసినచోట పోయినదనుకొన్నది దొరకెను. చీతా విషయమున ఆ రెండును కలియుటకు ముందే కాలము మించిపోయెను.

హబ్సిగూడలోని శోధన

చీతాకథ అంతటితో ముగియలేదు. రాంనగరునుండి విద్యానగరు, తార్నాకల మీదుగా పోయినచో హబ్సిగూడ వద్ద సి.సి.ఎమ్.బి. అను కణజీవశాస్త్ర పరిశోధనాలయము తగులును. ఇరువదియొకటవ శతాబ్దారంభమున అచ్చటి శాస్త్రజ్ఞులు, డాక్టరు లాల్జీసింగ్ నాయకత్వమున, ఇరాను దేశములో మిగిలిన ఆసియా చీతాల కణములతో క్లోనింగు విధానమున చీతాను తిరిగి పుట్టించుటకు యోచించిరి. ఆసియాజాతి చీతాలు ఇరానులో దప్ప మరెక్కడను లేవు. అచ్చటను కొద్దిపదులు మాత్రమే. ఇరాను ప్రభుత్వము చీతాలను గాని, వాని కణములను గాని ఇచ్చుటకు అంగీకరింపకపోవుటచే ఆ యత్నము నిలిచిపోయెను. అయినను ఆ సంస్థకు అనుబంధముగా అత్తాపూరులో అంతరించుచున్న జంతువులకై ఒక ప్రయోగశాల వెలసెను.

అదే సంస్థ చీతాకు మరియొక మేలు చేసెను. కలకత్తాలోని ఒక సంగ్రహాలయమున, మైసూరులోని మరియొక సంగ్రహాలయమున పందొమ్మిదవ శతాబ్దపు చీతా అవశేషములు పదిలపరుపబడియుండెను. వానినుండి తీసిన ప్రాచీన డి.ఎన్.ఎ.ను, హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోని ఆఫ్రికా చీతా రక్తముతో పోల్చి శాస్త్రజ్ఞులు పరిశీలించిరి. ఆఫ్రికా, ఆసియా చీతాలు వేరుపడి 5,000 ఏండ్లే అయినదని అంతకుముందు కొందరు భావించుచుండిరి. 2020లో ప్రకటింపబడిన ఈ పరిశోధన ఆ ఎడబాటు సుమారు 70,000 ఏండ్లనాటిదని సూచించెను. అనగా మన బయళ్లనుండి పోయినది లోకమున మరియొకచోట సులభముగా దొరకు జంతువు కాదు. దీర్ఘకాలము తన దారిన తాను మారుచు వచ్చిన ఒక శాఖ.

ఆ రక్తము నిచ్చిన జంతుశాలకు చీతాలు వచ్చిన వృత్తాంతమును చెప్పదగినదే. 2012లో హైదరాబాదున జీవవైవిధ్యమునుగూర్చి అంతర్జాతీయసభలు జరిగినప్పుడు సౌదీ అరేబియా రాజకుమారుడొకరు ఆ జంతుశాలను దర్శించి, మరుసటి సంవత్సరము ఒక చీతాజంటను కానుకగా పంపిరి. ఆడుదాని పేరు హిబా, మగదాని పేరు అబ్దుల్లా. హిబా 2020లోను, అబ్దుల్లా 2023 మార్చిలోను మరణించెను. 1764లో దక్షిణాదినుండి పరదేశపు రాజునకు చీతా కానుకగా పోయెను. 2013లో పరదేశపు రాజవంశమునుండి దక్షిణాదికి చీతా కానుకగా వచ్చెను. నడుమ గడచిన 249 ఏండ్లలో ఏమి పోగొట్టుకొంటిమో ఈ రెండు కానుకలే చెప్పుచున్నవి.

2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిది చీతాలను, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికానుండి పండ్రెండింటిని తెచ్చి మధ్యప్రదేశములోని కూనో వనమున విడిచిరి. కొన్ని మరణించెను, కొన్ని పిల్లలను కనెను. ఈ ప్రయత్నము ఎంతవరకు ఫలించునో కాలమే తేల్చవలెను. ఒక సంగతి మాత్రము నిశ్చయము. చీతాను తెచ్చుట విమానమువలన సాధ్యము; దానికి కావలసిన బయలును తెచ్చుట ఏ విమానమువలనను సాధ్యము కాదు.

బంజరు అను మాట

ప్రభుత్వ దస్త్రములలో పచ్చికబయలునకు తరచుగా పడు పేరు "బంజరు". చెట్లు లేవు గనుక అడవి కాదు, పంట లేదు గనుక పొలము కాదు, కావున వ్యర్థమని భావము. ఈ బంజరులోనే కృష్ణజింక మేసెను, చీతాపులి పరుగెత్తెను. కర్నూలు సీమలోని రోళ్లపాడు బయళ్లలో బట్టమేక పిట్టను కాపాడుటకు 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఆ పిట్టయు నేడు అచ్చట దాదాపు కనుమరుగైనది. చీతా నడచిన దారినే అదియు పోవుచున్నది.

కావున నల్లమల బాటపై మచ్చల మృగము కనబడినప్పుడు కేక వేయుటకు ముందు దాని ముఖము చూడవలెను. కన్నీటిచార లేదు, మచ్చల నడుమ ఖాళీ కలదు, అది చిరుతపులి. తేదీ, వేళ, స్థలము ఒక కాగితముపై వ్రాసి అటవీశాఖవారికి తెలిపినచో అదియు ఒక సమాచారమగును. ఈనాడు చిరుత అరుదు కాదు. ఒకనాడు చీతాపులియు అరుదు కాదు. అరుదు కాదని తలచుటచేతనే దానిని లెక్కపెట్టినవారు లేకపోయిరి. లెక్క మొదలగునప్పటికి లెక్కించుటకు మిగిలినది రెండుపుటల వ్రాత మాత్రమే.